బ్యాక్టీరియా వాసన పట్టే యంత్రాలు

కాలిన పుండ్లకు కట్లు మార్చే నర్సుల్లో అనుభవమున్నవాళ్లు కొందరు ల్యాబ్ రిపోర్టు రాకముందే సూడోమోనాస్‌ను అనుమానిస్తారు. ఆ పుండు దగ్గర ద్రాక్షపళ్ల వాసన వస్తుంది. అమైనోఅసిటోఫినోన్ అనే పదార్థం వల్ల వచ్చే వాసన అది. తిన్నది అరిగించుకుంటూ బ్యాక్టీరియా ఏదో ఒక వాయువును వదులుతూనే ఉంటుంది.

1969లో డీలాండ్, వాగ్నర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దీన్ని కొలవడానికి రేడియోధార్మిక కార్బన్ ఉన్న గ్లూకోజును బ్యాక్టీరియాకు మేపారు. అది తిని, అదే కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా వదిలింది. ఆ వాయువును లెక్కించే యంత్రం బ్యాక్‌టెక్ పేరుతో ఆసుపత్రులకు చేరింది. 1990లో వచ్చిన బ్యాక్ట్ అలర్ట్‌కు రేడియోధార్మికతతో పనిలేదు. రోగి రక్తం పోసిన సీసా అడుగున రంగు పూత ఉంటుంది, వాయువు తగిలితే ఆకుపచ్చ కాస్తా పసుపవుతుంది. మూత తీయనే అక్కర్లేదు. ఇంత సులువైన ఉపాయం వైద్యంలో అరుదు.

కాకపోతే ఆ పూత రక్తంలో క్రిమి ఉందని చెబుతుందే గాని, ఏ క్రిమో చెప్పదు. దానికి 1982లో బ్రిటన్‌లో పెర్సాడ్, డాడ్ అనే పరిశోధకులు చేసిన, సెన్సార్లతో వాసన పట్టే ఎలక్ట్రానిక్ ముక్కు దారి చూపింది. కానీ తేమ, వేడి మారితే అలాంటి సెన్సార్ల లెక్క తప్పుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే కడపలో ఇది చిన్న చిక్కు కాదు. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో కెనెత్ సస్లిక్ బృందం అలాంటి సెన్సార్లకు బదులు రంగుచుక్కలను ఎంచుకుంది. రకరకాల రసాయన రంగులను చుక్కలుగా అచ్చువేస్తే, ఒక్కో బ్యాక్టీరియా వాసనకు ఒక్కో తీరున రంగులు మారతాయి. 2011లో ఆ పద్ధతి 10 రకాలను 10 గంటల్లోపే 98.8 శాతం కచ్చితంగా గుర్తించింది. ఇప్పుడు వైటెక్ రివీల్ అనే యంత్రం, ఏ మందుకు బ్యాక్టీరియా లొంగుతుందో కూడా వాసనతోనే కొన్ని గంటల్లో చెబుతోంది.

ఈ గంటలు మనకు ఎంత విలువైనవో ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి సుమారు 100 కిలోమీటర్లు జ్వరంతో వచ్చే మనిషిని తలచుకుంటే తెలుస్తుంది. బ్యాక్టీరియాను సీసాలో పెంచి చూసే కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అంతవరకు డాక్టరు ఊహతోనే మందు ఎంచాలి. ఇంకో సంగతి ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ సూది వేయించుకుని వస్తే, సీసాలో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. పెరగనిదాని వాసనను ఏ యంత్రమూ పట్టలేదు. అందుకే రక్తం తీసే సీసా ఆదోని, పులివెందుల లాంటి ఊళ్లలోనే, మొదటి సూదికి ముందే అందాలి.