తెరలేని బొమ్మలు – కోడింగునకు తొలిపాఠము

కోడింగు అనగానే పలువురికి కంప్యూటరు తెరయు, దానిముందు కూర్చున్న పిల్లవాడును, ఆంగ్లాక్షరముల వరుసలును స్ఫురించును. కాని కోడింగునకు తెరగాని అక్షరముగాని మూలము కాదు. చేయవలసిన పనిని చిన్న చిన్న భాగములుగా విడదీసి, వానిని వరుస తప్పక పేర్చి, ఆ వరుసను స్వంతబుద్ధి లేని యంత్రమునకు అప్పగించుటయే కోడింగు. యంత్రము మనము చెప్పినది చేయును గాని, చెప్పదలచినది చేయదు. ఈ భేదమును నాలుగైదేండ్ల శిశువు చేతితో తాకి గ్రహించుటకై పుట్టినవే తెరలేని బొమ్మలు. రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలకు తెరచూపు దినమునకు ఒక గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో సూచించిన పిదప వీనియందు తల్లిదండ్రుల దృష్టి మరింత పడినది.

వీని చరిత్ర సుమారు అరువదేండ్లది. 1967లో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున సేమూర్ పేపర్ట్, వాలెస్ ఫ్యూర్‌జైగ్, సింథియా సాలొమన్ మొదలగువారు పిల్లలకొరకు ‘లోగో’ అను కంప్యూటరు భాషను నిర్మించిరి. పేపర్ట్ 1928లో దక్షిణాఫ్రికాలో జన్మించి, జెనీవాలో శిశుమనస్తత్త్వవేత్త పియాజే కడ పనిచేసి వచ్చిన గణితజ్ఞుడు. లోగో ఆజ్ఞలను పాటించుచు నేలమీద చక్రములపై నడచు యంత్రమొకటి తయారైనది. దానికి తాబేలని పేరు. దానికమర్చిన కలము అది నడచిన దారిని కాగితముపై గీయుచుండెను. శిశువు తానే తాబేలైనట్లు భావించి, తాను నడచి చూచి, ఆ నడకను ఆజ్ఞగా మార్చుట పేపర్ట్ పద్ధతికి ప్రాణము.

అయితే ఆజ్ఞలను టైపు చేయవలయును. చదువురాని శిశువునకది సాధ్యము కాదు. ఈ చిక్కును 1970ల మధ్యకాలమున మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో రేడియా పెర్ల్‌మన్ విప్పిరి. ఆమె నిర్మించిన ‘టోర్టిస్’ పరికరములో ఒక మీటల పెట్టెయు, కార్డులను సందులలో దోపెడు యంత్రమును ఉండెను. దోపిన కార్డుల వరుసయే ఆజ్ఞాక్రమము. ఒక రంగు వరుసలోని కార్డు వేరొక రంగు వరుసను పిలువగలదు. తరువాతి కాలమున కంప్యూటరుల అనుసంధాన విధానములలో ప్రసిద్ధి గాంచిన ఈమె, చిన్నపిల్లలతో పనిచేసినచో తన్ను శాస్త్రజ్ఞురాలిగా గణింపరేమో అను సంకోచముతో ఆ పరిశోధనను విడిచితినని చెప్పియున్నారు. శిశువిద్యను తక్కువగా చూచు అలవాటు ఒక్క అమెరికాకే పరిమితము కాదని ప్రాథమికోపాధ్యాయులెల్లరు ఎరుగుదురు.

నేడు బడులలో విశేషముగా కానవచ్చునది ఇంగ్లండున తయారైన ‘బీ-బాట్’. ఇది తేనెటీగ ఆకారము గల చిన్న బండి. వీపుమీద నాలుగు దిక్కుల బాణములు, నడుమ బయలుదేరుటకొక మీట, ఆగుటకొకటి, తుడుచుటకొకటి కలవు. ఒక్కొక్క అడుగు 15 సెంటీమీటర్లు. ఒక్కొక్క మలుపు 90 డిగ్రీలు. దీనిముందు పిల్లలు చేయు పొరపాట్లు పరిశీలింపదగినవి. కుడిబాణము నొక్కిన పిల్లవాడు తేనెటీగ కుడిప్రక్క గడిలోనికి పోవునని తలచును. అది పోదు, నిలిచినచోటనే తిరిగి ఊరకుండును. పోవలయునన్న ముందుబాణము వేరుగా నొక్కవలయును. ‘కుడికి పో’ అను మాటలో తిరుగుటయు పోవుటయు కలిసియున్నందున ఈ భ్రాంతి కలుగును. ‘కుడికి తిరుగు’, ‘ఒక అడుగు వేయి’ అని రెండుగా పలికించినచో చిక్కు విడిపోవును. రెండవ పొరపాటు తేనెటీగ ఎదురుగా వచ్చునప్పటిది: అప్పుడు దాని కుడి పిల్లవాని ఎడమ యగును. లేచి దాని వెనుకకు పోయి నిలుచుండుమనుటకంటె మంచి ఉపాయము లేదు. మూడవది, పాత ఆజ్ఞలను తుడువక క్రొత్తవి నొక్కుట. అప్పుడు బొమ్మ పాతవి నడచి, తరువాత క్రొత్తవి నడచును. పిల్లలు దీనిని బొమ్మ చెడిపోయినదని నిశ్చయింతురు.

తప్పును వెదకుటకు కాగితపు బాణములను నొక్కిన వరుసలో నేలపై పరచి, ఒక్కొక్కదానిపై వ్రేలుంచి బొమ్మతోపాటు నడపవలయును. ఎక్కడ త్రోవ తప్పినదో ఆ బాణమొక్కటే మార్చవలయును. అన్నిటిని చెరిపి మొదటినుండి ఆరంభించు పిల్లవాడు కోడింగులోని సగమును పోగొట్టుకొనును.

చదరములోని నాలుగు భుజములను చుట్టివచ్చుటకు ‘ముందుకు, ముందుకు, కుడికి తిరుగు’ అను మూడాజ్ఞలను నాలుగుమార్లు, అనగా పండ్రెండు ఆజ్ఞలుగా పేర్చవలయును. ‘క్యుబెట్టో’ అను కొయ్యబొమ్మ పలకలో ఉపవరుస యొకటి కలదు. ఆ మూడింటిని అందులో నొక్కమారు పేర్చి, పైవరుసలో దానిని నాలుగుమార్లు పిలిచినచో ఏడు ముక్కలతో పని ముగియును. పెర్ల్‌మన్ రంగువరుసలలోని యుక్తియే ఇది. టఫ్ట్స్ విశ్వవిద్యాలయమున మరీనా బెర్స్ పరిశోధననుండి వెలువడిన ‘కిబో’లో కొయ్యముక్కలపై గల గీతలను బొమ్మయే చదువుకొనును.

ఈ బొమ్మల వెల సామాన్యమైన బడికి అందునది కాదు. వరుస, పునరుక్తి, తప్పుదిద్దుట యను మూడింటికి మించి ఇవి ఎక్కువ నేర్పవు కూడ. న్యూజీలాండున టిమ్ బెల్, ఆయన సహచరులు 1990లలో యంత్రము లేకయే కంప్యూటరు శాస్త్రమును ఆటలుగా బోధించు పద్ధతిని వ్యాప్తికి తెచ్చిరి. మన ముగ్గునందును ఈ విద్య ఇమిడియున్నది. మద్రాసున గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ కోలములను వ్యాకరణరీతిగా విశ్లేషించి 1974లో పరిశోధనపత్రమును ప్రకటించిరి.

పొరుగు రాష్ట్రములలోని తెలుగుబడులకు ఇందు వేరొక ప్రయోజనము కలదు. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము ప్రాథమికదశలో భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు సౌకర్యములు కోరుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము కోడింగును మధ్యమదశకు, అనగా ఆరవ తరగతి మొదలు, ఉద్దేశించినది. అప్పటికి బోధనాభాష తరచుగా మారిపోవును. బాణమునకు లిపి లేదు గనుక, అంతకు ముందే ఆ ఆలోచన తెలుగులో నాటుకొనవచ్చును. వీథిలో కన్నడిగుల ఎడ-బల, తమిళుల ఇడదు-వలదు, మహారాష్ట్రుల డావా-ఉజవా, ఒడియావారి బామ-డాహాణ వినుచు, ఇంట లెఫ్టు-రైటు అనుచు పెరుగు పిల్లవాడు కుడి-ఎడమలను తడబడక పలుకుట ఈ ఆటలో నిత్యావసరమగును.

దీనికి కావలసినది గచ్చుమీద సుద్దతో గీసిన ఆరింట ఆరు గళ్లు, పాత క్యాలెండరు అట్టలపై వ్రాసిన బాణములు. ఒక పిల్లవాడు బొమ్మగా నిలుచును. వేరొకడు బాణములను పేర్చును. మూడవవాడు వానిని వరుసగా తెలుగులో చదువును. బొమ్మగా నున్నవాడు గోడ తగిలినను ఆజ్ఞ లేనిదే తిరుగరాదు.