పది సీసాల లెక్క

"పురుగు ముట్టింది" అన్న కేక వినగానే మన ఊళ్లలో ముందు తాడు వెతుకుతారు. తర్వాత మంత్రగాడి ఇల్లు. ఆ తర్వాతే ఆటో.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. సగం చావులు జూన్-సెప్టెంబరు నెలల్లోనే, అంటే నాట్లు, కలుపుల కాలంలో. 2001-03 నాటి మరణాలపై జరిగిన మరో సర్వే ప్రకారం, పాముకాటు మృతుల్లో నూటికి 77 మంది ఆసుపత్రి బయటే కన్నుమూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో పాముకాటుకు పోయినవారు 5,200 మంది అని దాని అంచనా.

ఆసుపత్రిలో ఏముందో లెక్కేద్దాం. యాంటీవెనమ్ ఒక మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరుస్తుంది. సీసాలో 10 మిల్లీలీటర్లు, కాబట్టి 6 మిల్లీగ్రాములు. రక్తపింజర ఒక కాటులో దించే విషం సగటున 63 మిల్లీగ్రాములు. మొదటి మోతాదు 8 నుంచి 10 సీసాలు కావడం ఇందుకే. పసిపిల్లలకూ అంతే మోతాదు. పిల్లాడు కదా అని పాము విషం తగ్గించదుగా!

మంత్రగాడి పసరుకు ఈ లెక్క తెలియదు. మరి మంత్రంతో బతికినవాళ్లో? మన దేశంలోని 300కు పైగా పాము జాతుల్లో ఎక్కువ వాటికి ప్రాణం తీసే విషమే లేదు. విషపాము కూడా ఒక్కోసారి ఉత్తి కాటే వేస్తుంది. ఆ పేరు మంత్రగాడు కొట్టేస్తాడు.

తాడు బిగిస్తే రక్తం ఆగి అవయవమే చచ్చుబడొచ్చు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పామును వెంటాడొద్దు. వాపు రాకముందే ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీయండి. ఎముక విరిగితే కట్టినట్టు కర్ర ఆనించి వదులుగా కట్టండి. నడిపించకండి, మోసుకెళ్లండి. ఎవరో ముందే తాడు బిగించి ఉంటే దారిలో విప్పకండి, అది డాక్టరు పని.

కట్లపాము సంగతి వేరు. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలడం కనిపిస్తే గాటు కోసం వెతుకుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.