స్నానాలగదిలో గ్యాసు గీజరు

చలికాలం. స్నానానికి వెళ్లిన మనిషి ఎంతసేపటికీ బయటికి రాడు. తలుపు బద్దలుకొట్టి చూస్తే నేలమీద స్పృహ లేకుండా పడి ఉంటాడు. ఒక్కొక్కసారి కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఉంటే ఇంట్లోవాళ్లు మూర్ఛ అనుకుంటారు. ఎన్నడూ లేని మూర్ఛ స్నానాలగదిలోనే వచ్చిందంటే, అక్కడ గ్యాసు గీజరు ఉందేమో ముందు చూడాలి. మన దేశంలో నరాల వైద్యులు ఇటువంటి కేసులను గురించి వైద్య పత్రికల్లో రాశారు కూడా.

"గ్యాసు లీకయితే వాసన రాదా?" అని అడుగుతారు. ఆ వాసన లీకు తెలియడం కోసం గ్యాసులో కలిపిన రసాయనానిది. గాలి చాలక గ్యాసు సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ దీనిని ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, తల తిరగడం, కాళ్లలో సత్తువ లేకపోవడం మొదటి గుర్తులు. కడుపులోని బిడ్డకు ఇది మరీ ప్రమాదం.

కిలో గ్యాసు మండడానికి సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గల స్నానాలగదిలో ఉండే గాలి మొత్తం 8 ఘనపు మీటర్లే!

ఇక లోపలి ఏర్పాటు. కుళాయి తిప్పగానే నీటి ఒత్తిడికి చిన్న స్విచ్చి పడుతుంది, బ్యాటరీలు నిప్పురవ్వ పుట్టిస్తాయి, గ్యాసు వాల్వు తెరుచుకుంటుంది. మంట పక్కనున్న సన్నని కడ్డీ సెన్సరు. మంట ఆరితే అది గ్యాసును ఆపిస్తుంది. చాలా గీజర్లలో ఇది కాపలా కాసేది మంటకే, మీరు పీల్చే గాలికి కాదు. కనుక "బాగానే వెలుగుతోందిగా" అన్న ధీమా పనికిరాదు.

కుళాయి కట్టగానే మంట ఆరిపోవాలి. ఆరకపోతే రెగ్యులేటరు కట్టేసి మెకానిక్కును పిలవండి. బ్యాటరీలు రెండూ ఒకేసారి మార్చండి. వాటి చివర తెల్లని పొడి పేరుకుందేమో, వైర్లకు తడి తగిలి చిలుము పట్టిందేమో చూడండి. సెన్సరు మాటిమాటికీ ఆపేస్తోందని దాని వైరు తప్పించి నేరుగా కలిపేవాళ్లుంటారు. అటువంటి మరమ్మతు ఎంత చవకైనా వద్దు. మంట పసుపురంగుకు తిరిగినా, మసి కట్టినా వాడకం ఆపండి. నీలిమంట ఉన్నా గది మూసి ఉంటే భద్రమని కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, గీజరును స్నానాలగది బయట, గాలి ఆడేచోట బిగించి వేడినీళ్ల గొట్టం మాత్రమే లోపలికి తీసుకోవడం. అద్దె ఇల్లయితే ఇంటివారితో పేచీ పడైనా సరే మార్పించండి. అంతవరకు తలుపు తెరిచి పెట్టి బకెట్టు నింపుకుని, గీజరు ఆర్పి, గదిలోకి గాలి ఆడనిచ్చిన తరువాతే స్నానం చేయండి.

ఎవరైనా పడిపోతే తలుపులు తెరిచి, వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి. గ్యాసు కట్టి 108కి ఫోను చేయండి. గీజరు సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. వేలికి తగిలించే ఆక్సీమీటరు ఈ విషవాయువును ప్రాణవాయువుగా భ్రమించి 98 అని చూపించవచ్చు. రక్తపరీక్షలోగాని అసలు సంగతి బయటపడదు. ఈలోగా ఆక్సిజన్ పెట్టించాలి.