201వ యూనిట్ ఖరీదెంత?

హుజూరాబాద్‌లో ఏసీ కొందామనుకున్న ఇంట్లో ముందుగా వచ్చే మాట ఒకటే: "రెండు వందలు దాటుతదా?" ధర తర్వాత, కంపెనీ తర్వాత. ఆ 200కు అంత గిరాకీ ఎందుకో లెక్క వేస్తేగానీ తెలియదు.

తెలంగాణలో ఇండ్ల కరెంటు రేట్లు 2016 తర్వాత మళ్లీ పెరిగింది 2022 ఏప్రిల్‌లో. ఆ పట్టిక ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లకు 3 రూపాయల 40 పైసల చొప్పున, రెండో వందకు 4 రూపాయల 80 పైసలు. మొత్తం 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువైతే శ్లాబే మారిపోతుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసల చొప్పున కట్టాలి, ఆపైన దానికి 7 రూపాయల 70 పైసలు. బిల్లు 1,027 రూపాయల 70 పైసలు అవుతుంది. అంటే ఆ 201వ యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం వీటికి అదనం.

ఇది గృహజ్యోతి లేని ఇంటి సంగతి. ఈ పథకం కింద 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డున్న అర్హుల ఇండ్లకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తున్నది. దాటితే ఆ నెల రాయితీ మొత్తం పోతుంది, మిగిలిన యూనిట్లకే కడతామంటే కుదరదు. ఆ ఇంట్లో 201వ యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయల పైనే. మన ఊళ్లల్లో ఒక్క యూనిట్‌కు ఇంత విలువ ఇంకెప్పుడూ లేదేమో.

గోదావరి దిగువకు పోతే లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన పట్టిక మెట్లు మెట్లుగా ఉంటుంది: ఎంత వాడినా మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసల రేటుకే, తర్వాతి మెట్టు ఆ తర్వాతి రేటుకు. అక్కడ 201వ యూనిట్‌కు అచ్చంగా 6 రూపాయలు. అయితే సర్దుబాటు చార్జీల పేరుతో వేరుగా పడే భారం వాళ్లకూ ఉంది, అది ఇందులో కలపలేదు. కర్ణాటకలోనూ పథకం పేరు గృహజ్యోతే. కానీ అక్కడ ఆ ఇంటి పాత సగటు వాడకానికి 10 శాతం కలిపి హద్దు గీశారు, పైపరిమితి 200. మునుపు సగటున 80 యూనిట్లు కాల్చిన ఇల్లు హఠాత్తుగా 190కి పోయి ఉచితమంటే ఒప్పుకోరు.

ఇప్పుడు ఏసీ పెట్టిన ఇల్లు చూద్దాం. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, మోటారు కలిపి నెలకు 150 యూనిట్లు కాలే ఇల్లు అనుకోండి. నిండు ఎండాకాలంలో ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ గుంజుతుంది. రాత్రి 7 గంటలు, నెల రోజులు: 210. మొత్తం 360 యూనిట్లకు బిల్లు 2,330 రూపాయలు. ఏసీ లేకపోతే గృహజ్యోతిలో ఈ ఇంటికి సున్నా. కాబట్టి ఏసీ కాల్చిన ఒక్కో యూనిట్ 11 రూపాయల పైన పడ్డట్టు. రేట్ల పట్టికలో అందరికంటే ఎక్కువ రేటు, 800 యూనిట్లు దాటినవాళ్లకు, 10 రూపాయలే. బంగళాలో నాలుగు ఏసీలు తిప్పే ఆసామి కంటే ఒకే ఏసీ పెట్టుకున్న మధ్యతరగతి ఇల్లు యూనిట్‌కు ఎక్కువ కట్టినట్టు లెక్క తేలడం నాకైతే మింగుడు పడదు.

పైన ఒకటిన్నర టన్నుల ఏసీ అన్నాను. ఈ "టన్ను" అంటే ఏసీ బరువు కాదని చాలామందికి తెలుసు. అదెక్కడి కొలత అంటే మంచుగడ్డలది. అమెరికన్ టన్ను, అంటే దాదాపు 907 కిలోల మంచు ఒక రోజులో కరిగితే ఎంత వేడి పీల్చుకుంటుందో అంత. ఏసీ పుట్టుక కూడా మనుషుల సుఖం కోసం కాదు. 1902లో విల్లిస్ కేరియర్ అనే ఇంజినీరు న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రెస్సులో కాగితం తేమకు సాగి రంగులు చెదిరిపోతుంటే దానికి మందుగా ఆ యంత్రం కట్టాడు.

ఇక కూలర్. మన జిల్లాల్లో ఎండాకాలానికి అసలు దొర ఇదే, ఏసీ నిన్నగాక మొన్న వచ్చింది. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.67 యూనిట్ల వేడి కావాలి, ఆ వేడిని గది గాలిలోంచే లాక్కుంటుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ నిండుగా నడిచి గంటలో బయటికి తోసే వేడిని 8 లీటర్ల నీరు ఆవిరై మింగేస్తుంది. కూలర్‌కు కావలసిన కరెంటు మాత్రం 150 నుంచి 200 వాట్లు. రాత్రంతా తిప్పినా రెండు యూనిట్లు దాటదు. మే నెల పొడిగాలిలో గడ్డి తడిసి సల్లగా కొడుతుంది. తొలకరి పడి గాలిలో తేమ ఎక్కితే మాత్రం ఒళ్లు జిగటే. ఒక సంగతి: కూలర్‌కు కిటికీలు తెరవాలి, ఏసీకి మూయాలి. రెండూ ఒకే గదిలో కలిపి వేసే ఇండ్లున్నాయి. కూలర్ ఎక్కించిన తేమను ఏసీ మళ్లీ నీళ్లుగా మార్చి పైపులోంచి పారబోస్తుంది, దానికీ కరెంటే.

రిమోట్‌లో 18 నొక్కితే గది తొందరగా సల్లబడదు. 24 పెట్టినా 18 పెట్టినా మొదట కంప్రెసర్ నిండు బలంతోనే నడుస్తుంది, 18కి ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలని నిబంధన.

స్టార్ల స్టిక్కర్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని అచ్చేస్తారు కదా, అది 1,600 గంటలకు. బయటి వేడి 24 నుంచి 43 డిగ్రీల మధ్య ఉంటుందని లెక్కగట్టి వేసిన అంకె. మేలో కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల వైపు 45 దాటడం కొత్తేమీ కాదు. కాబట్టి స్టిక్కర్ అంకె మన ఊరికి కాస్త తక్కువే చెబుతుంది.

ఏసీ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను లేకుండా 40 వేలున్న ఏసీ మీద మిగిలేది 4 వేలు. పైన చెప్పిన ఇంట్లో అది రెండు నెలల బిల్లుకైనా చాలదు.

తెలంగాణలో కరెంటు వాడకం శిఖరానికి చేరేది మేలో కాదు, మార్చిలో. 2025 మార్చి 20న అప్పటికి రికార్డు, 17,162 మెగావాట్లు. ఆ నెలలో యాసంగి వరి పొట్టకొచ్చే వేళ. బోరు మోటార్లన్నీ నడుస్తుంటాయి. విత్తన వరికి పేరున్న హుజూరాబాద్, జమ్మికుంట పొలాలూ అందులో ఉన్నవే. ఏసీల వల్లే లైన్లు కుంగిపోతున్నాయన్న మాట ఇక్కడ సగమే నిజం.

ఉత్తర తెలంగాణ డిస్కం పరిధిలో 2023 జనవరిలో ఏసీడీ గొడవ గుర్తుందా? బిల్లులో ఉన్నట్టుండి ఈ పేరుతో అదనపు డిపాజిట్ పడింది, జనం రోడ్డెక్కారు. ఏడాది వాడకం సగటు తీసి రెండు నెలల బిల్లుకు సమానంగా డిపాజిట్ ఉండాలన్నది దాని వెనక నియమం. ఏసీ తిప్పిన మే నెల ఆ సగటును పైకి గుంజుతుంది. ఎండలో వాడిన కరెంటు చలికాలపు బిల్లులో మళ్లీ కనబడుతుందన్నమాట.

పైకప్పు మాటకొస్తే, 2023 ఏప్రిల్‌లో రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది, ఐదేండ్లకు. పగలంతా ఎండ తాగిన సిమెంటు స్లాబు రాత్రి పదింటికీ వేడి కక్కుతూనే ఉంటుంది. ఏసీ సగం పని దానితోనే. తెల్లరంగు వేస్తే ఎండ తిరిగి పైకి పోతుంది. మన గూనపెంకుల ఇండ్లకు, మట్టిగోడలకు ఈ బాధ ఇంత లేదు.

సోలార్ పెట్టుకోవచ్చు కదా అంటారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రాయితీ ఉంది. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున నెలకు దాదాపు 360. పగలు పుట్టిన కరెంటును నెట్ మీటర్ లెక్కలో జమ చేసుకుని రాత్రి ఏసీకి వాడుకోవచ్చు. కానీ ఏడాదిలో తొమ్మిది నెలలు సున్నా బిల్లు వచ్చే ఇల్లు లక్షకు పైగా పెట్టి పలకలెందుకు బిగిస్తుంది? రెండు పథకాలూ ఒకే గడప మీద ఎదురుపడితే గెలిచేది ఉచితమే.