బోటు ట్యాంకు బైకు ట్యాంకు కాదు
ఇంధనం పట్టడంలో అపోహలు – వాస్తవాలు

2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో పక్కపక్కన కట్టి ఉంచిన మరబోట్లు పదుల సంఖ్యలో తగలబడిపోయాయి. ఆ మంట ఇంధనం పట్టేటప్పుడు పుట్టింది కాదు. కానీ బోట్లలో ఉన్న డీజిలు, వంటకు పెట్టుకున్న గ్యాస్ సిలిండర్లు దాన్ని ఎంత పెంచాయో ఊరంతా చూసింది. ఏటా జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది. దానికి ముందు రోజుల్లో మన రేవులన్నిటా బోట్లు డీజిలు, ఐసు, సరుకులు ఒకేసారి ఎక్కించుకుంటాయి. అంత రద్దీలో, అంత ఎండలో, రోడ్డు పక్క బంకులో నేర్చుకున్న అలవాట్లే జెట్టీ మీదా సాగుతాయి. నీటి మీద వాటిలో చాలావరకు పనికిరావు.

అపోహ: డీజిలు అంటుకోదు, పెట్రోలుతోనే భయం.

చల్లని డీజిల్లో అగ్గిపుల్ల పడేస్తే ఆరిపోవచ్చు. అది చూసినవాళ్ల వల్లే ఈ ధీమా పుట్టింది. అయితే మన బంకుల్లో అమ్మే హైస్పీడ్ డీజిలుకు ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలని ప్రమాణం. అంటే ఆ వేడి దాటితే దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకునే స్థితికి రావచ్చు. పెద్ద ఓడల్లో వాడే ఇంధనానికి కనీసం 60 డిగ్రీలు ఉండాలని ఓడల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ సోలాస్ నిబంధన చెబుతుంది. జూన్ ఎండలో కోస్తా తీరాన గాలే 35 దాటుతుంది, ఇంజిన్ గది సంగతి చెప్పనక్కర్లేదు. పైగా డీజిలు తుంపరగా చిమ్మి వేడెక్కిన ఎగ్జాస్ట్ గొట్టం మీద పడితే నిప్పురవ్వ కూడా అవసరం లేదు. డీజిలు పీల్చిన గుడ్డపీలిక అయితే వత్తిలా మండుతుంది. అందుకే డీజిలు బోటైనా సరే, ఇంజిను ఆపాలి, పొయ్యి ఆర్పాలి, బీడీ, సిగరెట్టు జెట్టీకి దూరంగా ఉండాలి.

అపోహ: తలుపులన్నీ తెరిచి పెడితే ఆవిరి బయటికి పోతుంది.

పెట్రోలు బోట్ల విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. రోడ్డు మీద బైకు ట్యాంకు నుంచి జారిన ఆవిరి గాలికి చెదిరిపోతుంది. బోటు మాత్రం అడుగు మూసి, పైన తెరిచి ఉన్న పాత్ర. తెరిచిన తలుపుల్లోంచి లోపలికి దిగిన ఆవిరి అడుగున చేరి అక్కడే ఉండిపోతుంది. గాలిలో అది ఒకటిన్నర శాతం ఉన్నా చాలు, స్టార్టర్ మోటారు రవ్వకు పేలుతుంది. కాబట్టి పట్టేముందు కిటికీలు, తలుపులు మూసెయ్యాలి. మనుషుల్ని, ముఖ్యంగా పిల్లల్ని, జెట్టీ మీదికి దింపాలి. మూత బిగించాక అన్నీ తెరవాలి. ఇంజిను లోపల ఉన్న పెట్రోలు బోటైతే గాలి ఫ్యాను కనీసం నాలుగు నిమిషాలు తిప్పాలి. ఫ్యాను తిరిగిందన్న భరోసాతో వెంటనే స్టార్ట్ చెయ్యకూడదు. వంగి, అడుగున వాసన చూడాలి. పెట్రోలు వాసన ఏమాత్రం తగిలినా తాళం తిప్పొద్దు.

అపోహ: డబ్బాను బోటులోనే ఉంచి నింపితే ఒలకదు.

ఔట్‌బోర్డ్ మోటార్ల చిన్న ట్యాంకుల్ని, క్యాన్లను తప్పకుండా కిందికి దింపి, జెట్టీ నేల మీద పెట్టి నింపాలి. ఇక్కడ ఒలకడం కన్నా పెద్ద భయం నిప్పురవ్వ: ఇంధనం పారేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. నేలకు ఆనితే అది దిగిపోతుంది, ఫైబర్ బోటులో దిగే దారి ఉండదు. లోహపు నాజిల్‌ను మూతి అంచుకు ఆనించే ఉంచాలి. ప్లాస్టిక్ గరాటు మధ్యలో పెడితే ఆ సంబంధం తెగిపోతుంది.

అపోహ: అంచుదాకా నింపితేనే లాభం, నిండగానే నాజిల్ తనంతట తనే ఆగుతుంది.

భూమిలోని ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన ఇంధనం బోటులో వేడెక్కి వ్యాకోచిస్తుంది. వెయ్యి లీటర్ల డీజిలు 15 డిగ్రీలు వేడెక్కితే సుమారు 12 లీటర్లు పెరుగుతుంది. ట్యాంకులో చోటు లేకపోతే అది గాలి గొట్టంలోంచి నేరుగా నీళ్లలోకి పోతుంది. నాజిల్ ఆగడాన్నీ నమ్ముకోలేం. డీజిలు నురగ కట్టడం వల్లో, గొట్టం వంపుల వల్లో అది ఆగేలోపే గాలి గొట్టం కక్కేస్తుంది. ట్యాంకు ఎన్ని లీటర్లదో, ఇప్పుడెంత ఉందో ముందే లెక్క వేసుకుని, పదో వంతు ఖాళీ ఉంచడం మేలు. ఒక కలాసీ గాలి గొట్టం దగ్గర పీల్చే ప్యాడ్ పట్టుకుని నిలబడితే అంతకన్నా మంచి అలారం ఉండదు.

అపోహ: ఒలికితే సర్ఫు చల్లితే సరి.

చల్లగానే నీటి మీది రంగుల పొర మాయమవుతుంది, శుభ్రమైందని మనసు కుదుటపడుతుంది. నిజానికి డీజిలు ఎక్కడికీ పోలేదు. సబ్బు దాన్ని సన్నని బిందువులుగా విడగొట్టి నీటి లోపలికి దింపింది. పైన తేలుతున్నప్పుడు తీసెయ్యగలిగే దాన్ని ఇక ఎవరూ తీయలేరు. చేప గుడ్లకు, రొయ్య పిల్లలకు ఆ కలిసిన నీరు ఒట్టి డీజిలుకన్నా ఎక్కువ చేటు. కాకినాడ రేవుకు దగ్గర్లోనే కోరంగి మడ అడవులున్నాయి. రేపటి వేటలో వలకు పడాల్సిన చేపా రొయ్యా చిన్నప్పుడు పెరిగేది అలాంటి చోట్లలోనే. ఆ నీటిలో విషం కలపడం మన కూటిలో మనం కలుపుకోవడమే. అమెరికాలో ఒలికిన ఇంధనం మీద ఇలా సబ్బు చల్లడం చట్టవిరుద్ధం.

‘‘ఒక్క లీటరేగా, సముద్రానికి ఏమవుతుంది?’’ అంటారు. ఒక లీటరు ఒక మైక్రాన్ మందం పొరగా పరుచుకుంటే వెయ్యి చదరపు మీటర్లు కప్పేస్తుంది. కెరటాలు తక్కువగా ఉండే రేవు నీటిలో అది తేలిగ్గా పోదు కూడా. నాజిల్ ఆపి, నూనెను మాత్రమే పీల్చి నీటిని వదిలేసే పాలీప్రొపిలీన్ ప్యాడ్లు పరచాలి. బంకువాళ్లకు వెంటనే చెప్పాలి. తడిసిన ప్యాడ్లను మూత ఉన్న లోహపు డబ్బాలో వెయ్యాలి.

బోటు లోపల ఒలికిందాన్నీ మరవకూడదు. అడుగు నీటిని తోడే ఆటోమేటిక్ పంపు ఉంటే, అది ఎవరికీ తెలియకుండా డీజిలును సముద్రంలోకి తోసేస్తుంది. ఇంధనం ఎక్కించేముందు దాన్ని ఆపి, లోపల ఒలకలేదని చూశాకే మళ్లీ వెయ్యాలి.

అపోహ: మంట లేస్తే నీళ్లు పోయాలి.

పోయకూడదు. మండే ఇంధనం నీటి మీద తేలుతూ పక్క బోటుకు పాకుతుంది. నురగ గానీ, పొడి రసాయన సిలిండరు గానీ, ఇసుక గానీ వాడాలి. ఆ సిలిండరు ఇంజిన్ గదిలో కాదు, పట్టే చోటికి చెయ్యందేంత దూరంలో ఉండాలి.

ప్రతి ఫిషింగ్ హార్బర్ బంకు దగ్గరా మంటలార్పే సిలిండరు ఒకటి, రెండు బక్కెట్ల ఇసుక, ఒక కట్ట ప్యాడ్లు, నూనె నీటికి ఒక డ్రమ్ము ఉండాలని మన మత్స్యకార సంఘాలు అడగాలి. ఒక మరబోటు ఒక్క వేటకు పట్టే డీజిలు ఖర్చు ముందు ఇవన్నీ కలిపినా చిన్న మొత్తమే.