కాలేయంలో మచ్చ గుట్టు విప్పే సూక్ష్మ బుడగలు

ఇంజెక్షన్ చేసే ముందు నర్సు సిరంజిని నిలువుగా పట్టుకుని, వేలితో తట్టి, లోపలి గాలి బుడగను బయటకు నెట్టడం అందరూ చూసే ఉంటారు. ఒక రకం అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో మాత్రం బుడగలనే కోట్ల సంఖ్యలో రక్తంలోకి ఎక్కిస్తారు.

ఆ అవసరం ఎప్పుడు వస్తుంది? సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గం నడిపే ఒక తెలుగు కార్మికుడి సంగతి ఊహించుకుందాం. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు సూరత్‌లో ఎంతగా స్థిరపడ్డాయంటే, అక్కడి కార్పొరేషన్ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. కడుపునొప్పికి తీయించిన స్కానింగ్‌లో ఆయన కాలేయంపై ఒక మచ్చ కనిపించింది. అది హాని లేని రక్తనాళాల ముద్ద కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. మామూలు స్కానింగ్‌లో ఆ తేడా చాలాసార్లు తేలదు. సీటీ స్కాన్ తీద్దామంటే, షుగరు వ్యాధితో మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి అయొడిన్ మందు ఎక్కించడానికి వైద్యులు వెనకాడతారు.

ఇలాంటి చోటే సూక్ష్మ బుడగలు పనికొస్తాయి. ఒక్కొక్కటి 2, 3 మైక్రోమీటర్లు ఉంటుంది. ఎర్ర రక్తకణం 7, 8 మైక్రోమీటర్లు ఉంటుంది కాబట్టి, అది దూరగల సన్నని నాళంలోకి బుడగ కూడా సులువుగా దూరుతుంది. మామూలు గాలి నింపితే రక్తంలో ఇట్టే కరిగిపోతుంది. అందుకే తేలిగ్గా కరగని సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వంటి వాయువును పల్చని కొవ్వు పొరలో బంధిస్తారు. కాలేయ పరీక్షకు ఎక్కించే మోతాదులోని వాయువంతా కలిపినా ఒక నీటి చుక్కలో సగం ఉండదు.

ధ్వని తరంగం తాకగానే బుడగ నొక్కుకుపోయి, మళ్లీ ఉబ్బుతుంది. ప్రతి బుడగకూ తన పరిమాణాన్ని బట్టి సహజంగా కంపించే వేగం ఒకటి ఉంటుందని డచ్చి శాస్త్రవేత్త మిన్నార్ట్ 1933లో లెక్కగట్టారు. ఆయన ఆలోచించింది పారే నీటి గలగల గురించి! రక్తనాళాల్లో పట్టేంత చిన్న బుడగలు కంపించేదీ, స్కానింగ్ యంత్రాలు పనిచేసేదీ మెగాహెర్ట్జ్ స్థాయిలోనే కావడం వైద్యానికి కలిసొచ్చిన అదృష్టం. పైగా బుడగ తిప్పి పంపే ధ్వనిలో రెట్టింపు పౌనఃపున్యం కూడా ఉంటుంది. కండరం, కొవ్వు నుంచి అది చాలా తక్కువగా వస్తుంది. యంత్రం దాన్నే ఏరి వింటే తెరమీద రక్తప్రవాహం మెరుస్తుంది. శక్తి పెంచితే బుడగలు పగిలిపోతాయి కాబట్టి ధ్వనిని మెల్లగానే పంపాలి.

బుడగల ఉపయోగం బయటపడింది కూడా అనుకోకుండానే. 1968లో అమెరికాలో గ్రామియాక్, ప్రవీణ్ షా గుండె పరీక్ష చేస్తూ ఒక రంగుద్రవం ఎక్కించినప్పుడు తెరపై మబ్బులాంటి ప్రతిధ్వనులు కనిపించాయి. వాటికి కారణం ద్రవంతోపాటు చేరిన చిన్న బుడగలని తర్వాత తేలింది.

ఇక లింబాయత్ కార్మికుడి మచ్చ దగ్గరకు వస్తే, చూడాల్సింది మెరుపు ఎలా వచ్చి ఎలా పోతుందన్నది. రక్తనాళాల ముద్ద సాధారణంగా అంచుల నుంచి లోపలికి నెమ్మదిగా నిండి, చాలాసేపు వెలుగుతూనే ఉంటుంది. కాలేయ క్యాన్సర్ ఎక్కువగా మొదటి అర నిమిషంలోనే భగ్గుమని, నిమిషం దాటాక మెల్లగా మసకబారుతుంది. అందుకే వైద్యులు నాలుగైదు నిమిషాలు తెరమీంచి చూపు తిప్పరు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో కాలేయ పరీక్షకు ఈ బుడగలను అనుమతించింది, పిల్లలకు కూడా.

పరిమితులూ లేకపోలేదు. ఒక్కసారికి ఒకటి రెండు మచ్చలనే శ్రద్ధగా చూడగలరు. పేగుల్లో గాలి, ఒంట్లో కొవ్వు అడ్డొస్తే చిత్రం చెడుతుంది. క్యాన్సర్ ఇతర చోట్లకు పాకిందేమో చూడాలంటే సీటీనో, ఎంఆర్‌ఐనో తప్పదు. అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు కాబట్టి పరీక్ష తర్వాత కాసేపు ఆసుపత్రిలోనే ఉంచుతారు. బుడగల్లోని వాయువు మాత్రం మూత్రపిండాల జోలికి పోదు. ఊపిరితిత్తులకు చేరి, పావుగంటలో దాదాపు అంతా శ్వాసతోపాటు బయటకు వెళ్లిపోతుంది.