ఆ ఊపిరి ఆయనదే!

వెండితెరపై పెదవులొకరివి, గొంతు మరొకరిది కావడం మనకు కొత్త కాదు. కాని ఒక మహా విద్వాంసుడికే ఆ గతి పడితే?

1955 నాటి అమెరికన్ చిత్రం 'అన్‌చెయిన్డ్'లో జాజ్ విద్వాంసుడు డెక్స్‌టర్ గోర్డన్ శాక్సఫోన్ వాయించే ఖైదీగా కనిపిస్తారు. చిత్రం తీసిన కాలిఫోర్నియా జైల్లో ఆయన అప్పుడు నిజంగానే ఖైదీ. వినిపించే వాద్యం మాత్రం వేరొకరిది!

ఆ లోటు ఎంతటిదో 1962లో ఆయన ఇచ్చిన 'గో' రికార్డు వింటే తెలిసింది. తాళానికి రవ్వంత వెనుకగా, తొందరెరుగని నడక, నిండైన నాదం.

1986లో వచ్చిన 'రౌండ్ మిడ్‌నైట్'లో కథానాయకుడు ఆయనే. చిత్రీకరణ జరుగుతూండగానే వాద్యాన్నీ రికార్డు చేశారు. 60 దాటిన ఆ మనిషిలో వెనుకటి బిగువు లేదు. స్వరాల నడుమ ఆయాసం వినిపిస్తుంది. ఉత్తమ నటుడిగా ఆస్కార్ పోటీలో నిలిచారు, గెలవలేదు. పోనీండి! నాకా ఆయాసమే అపురూపం. అది అచ్చంగా ఆయనది.